జెడ్డాలో ఒక రోజు

పిల్లలూ, అట్లాసులో ఆసియా పటం ఉన్న పుట తియ్యండి. మన పడమటి తీరం మీద వేలు పెట్టి, అరేబియా సముద్రం మీదుగా జరుపుకుంటూ పోతే అరేబియా ద్వీపకల్పం తగులుతుంది. అది కూడా దాటండి. దానికీ ఆఫ్రికాకూ మధ్య పొట్లకాయలాగా సన్నగా, పొడుగ్గా ఒక సముద్రం ఉన్నది. అదే ఎర్ర సముద్రం. దాని తూర్పు ఒడ్డున, ఇంచుమించు నడిమధ్యన, జెడ్డా అనే పేరు కనిపిస్తుంది. ఈవాళ మనం పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఊళ్ళో తిరగబోతున్నాం.

నేను చాలా ఏళ్ళు నిజామాబాదు జిల్లాలో ఉపాధ్యాయుడుగా పనిచేశాను. "మీ నాన్న ఏం పని చేస్తాడురా?" అని అడిగితే, "గల్ఫుల ఉన్నడు సార్," అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవాళ్ళు. గల్ఫులో ఏ ఊరని అడిగితే కొందరు జెడ్డా అనేవాళ్ళు. నిజానికి జెడ్డా గల్ఫు మీద లేదు. పర్షియా గల్ఫు అరేబియాకు తూర్పు పక్క, జెడ్డా పడమటి పక్క. మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి. అయినా మనవాళ్ళు అరబ్బు దేశాలన్నిటినీ కలిపి గల్ఫు అనేస్తారు. మీ నాన్నో, మేనమామో అక్కడ ఉంటే, ఈసారి ఫోను చేసినప్పుడు ఏ సముద్రం దగ్గర ఉన్నారో అడగండి.

మా తమ్ముడి కొడుకు జెడ్డాలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి చలికాలంలో నేను వెళ్ళినప్పుడు, పాత ఊరు చూపించటానికి వాడు ఒక పెద్దమనిషిని కుదిర్చాడు. ఆయనకు సుమారు యాభై ఏళ్ళు ఉంటాయి. తెల్లని పొడుగాటి అంగీ, తల మీద కుట్టుపని చేసిన టోపీ. ఆయన ముత్తాత సూరతు నుంచి మక్కా యాత్రకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. అందుచేత ఆయనకు ఉరుదూ వచ్చు. నాకూ ఉద్యోగం చేసిన చోట అంతో ఇంతో అబ్బింది. నన్ను ఆయన "మాస్టర్ సాబ్" అన్నాడు, నేను ఆయనను "భాయ్ సాబ్" అన్నాను. ఇక బండి నడిచింది.

ముందు ఊరి పేరు సంగతి చెపుతాను. అక్కడివాళ్ళు జెడ్డా అనరు, జిద్దా అంటారు. అరబ్బీలో "జద్ద" అంటే అవ్వ. మనుషులందరికీ మొదటి తల్లి అయిన హవ్వ సమాధి ఈ ఊళ్ళోనే ఉన్నదని జనం చాలాకాలం చెప్పుకున్నారు. అవ్వ ఉన్న ఊరు కనక జిద్దా అయిందట. పండితులు దీన్ని ఒప్పుకోరు. "జుద్ద" అంటే సముద్రపు ఒడ్డు, పేరు అందులోంచి వచ్చిందంటారు. నాకు అవ్వ కథే బాగున్నది. పరీక్షలో మాత్రం రెండోదే రాయండి.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. జెడ్డాకు నది లేదు. ఏడాది పొడుగునా కురిసే వాన రెండు మూడు అంగుళాలు. హైదరాబాదులో మంచి ముసురు పట్టితే ఒక్క రోజులో అంత కురుస్తుంది. చుట్టూ పొలం లేదు, అడవి లేదు. భూమిలో తవ్వితే వచ్చేది ఉప్పు నీరు. అటువంటి చోట ఊరెందుకు పుట్టింది? పుట్టింది సరే, పదమూడు వందల ఏళ్ళకు పైగా ఎలా నిలిచింది?

మొదటిదానికి జవాబు తేలిక. సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, లోపలగా మక్కా ఉన్నది. ముస్లిములకు అది అన్నిటికన్నా పవిత్రమైన ఊరు. వీలున్న ప్రతి ముస్లిమూ బతుకులో ఒక్కసారైనా అక్కడికి యాత్ర చెయ్యాలి. దానినే హజ్ అంటారు. క్రీ.శ. 647లో ఖలీఫా ఉస్మాన్ ఈ జెడ్డాను మక్కాకు రేవుగా ఏర్పాటు చేశాడు. అప్పటినుంచి సముద్రం మీద వచ్చే యాత్రికులూ, మక్కా ప్రజలు తినే ధాన్యమూ ఈ ఊళ్ళోనే దిగేవి. రెండో ప్రశ్నకు జవాబు ఈ రోజంతా తిరిగి మనమే వెతుక్కుందాం.

పొద్దున్న ఎనిమిది గంటలకు పాత రేవు దగ్గర మొదలుపెట్టాం. ఆ చోటు పేరు బాబ్ అల్ బంత్. "బాబ్" అంటే ద్వారం. రేవు అన్నాను గదా అని నీళ్ళ కోసం చూశాను. నీళ్ళు బాగా ఎడంగా ఉన్నాయి. వెనకటి ఒడ్డును మట్టితో పూడ్చి రోడ్లు వేశారు. "మీరు ఇప్పుడు సముద్రంలో నిలబడి ఉన్నారు, మాస్టర్ సాబ్," అని నవ్వాడు మా భాయ్ సాబ్.

పూర్వం పెద్ద ఓడలు ఇంత దగ్గరికి రాలేకపోయేవి. ఒడ్డుకు ముందు, నీళ్ళ అడుగున, వరసలు వరసలుగా పగడపు దిబ్బలు ఉన్నాయి. వాటికి తగిలితే ఓడ అడుగు చీలిపోతుంది. అందుచేత ఓడలు దూరాన లంగరు వేసేవి. దిబ్బల మధ్య దారులు తెలిసిన స్థానికులు చిన్న తెరచాప పడవల మీద యాత్రికులనూ, మూటలనూ ఒడ్డుకు చేర్చేవాళ్ళు. ఈ పడవలకు సంబూకులని పేరు. 1869లో సూయజ్ కాలువ తెరిచిన తరవాత పొగ ఓడలు ఎక్కువయ్యాయి. బొంబాయి నుంచీ, జావా నుంచీ, ఈజిప్టు నుంచీ యాత్రికులు వేలకొద్దీ వచ్చేవాళ్ళు. అంతకు చాలా ముందే, 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల ఓడలు మన మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రపు రేవులకు వచ్చేవి. మచిలీపట్నంలో ఉన్న పిల్లలు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఇప్పుడు మీ ఊళ్ళో మనిషి మక్కా పోవాలంటే వేరే ఊరు పోయి విమానం ఎక్కాలి. ఆ రోజుల్లో మీ ఊరి రేవులోనే ఓడ ఎక్కేవాడు.

రేవు నుంచి నాలుగడుగులు వేస్తే పాత ఊరు వస్తుంది. దీనిని అల్ బలద్ అంటారు. బలద్ అంటే ఊరు, అంతే. కొత్త జెడ్డా ఉత్తరంగా ఎంతో దూరం పెరిగింది. 2022 జనాభా లెక్కలలో సుమారు 37 లక్షల మంది తేలారు. కాని 1947 వరకు ఊరంటే చుట్టూ గోడ ఉన్న ఈ చిన్న ముక్క మాత్రమే.

ఆ గోడ కథ మన చరిత్ర పుస్తకంతో కలుస్తుంది. వాస్కో డ గామా కాలికట్టుకు వచ్చాడని మీరు చదివారు. అటు తరవాత పోర్చుగీసువాళ్ళు హిందూ మహాసముద్రంలో వర్తకమంతా తమ చేతిలోకి లాక్కోవటం మొదలుపెట్టారు. మిరియాల బేరం మీద బతికే ఈజిప్టు సుల్తాను ఊరుకుంటాడా? హుసేన్ అల్ కుర్దీ అనే సేనానిని పంపించాడు. ఈ హుసేనే జెడ్డా చుట్టూ బురుజులతో గోడ కట్టించాడు. తన ఓడలతో మన దేశం దాకా వచ్చి 1508లో చౌల్ దగ్గర పోర్చుగీసువాళ్ళను ఓడించాడు. మరుసటి ఏడు డయ్యూ దగ్గర ఓడిపోయాడు. 1517లో పోర్చుగీసు నౌకలు జెడ్డా మీదికే వచ్చాయి. కాని గోడనూ, ఫిరంగులనూ చూసి, ఊరిని పట్టుకోలేక తిరిగిపోయాయి. అంతటి గోడను 1947లో ఊరు పెరగటానికి అడ్డంగా ఉన్నదని పడగొట్టారు. ఇప్పుడు రెండు మూడు ద్వారాలు మాత్రం నిలిచి ఉన్నాయి.

ఇక ఇళ్ళు చూద్దాం. తల బాగా పైకెత్తండి. సందులు ఇరుకు, ఇళ్ళు ఎత్తు. నాలుగైదు అంతస్తులవి చాలా ఉన్నాయి, ఏడు అంతస్తులవీ ఉన్నాయి. ఇనుమూ, సిమెంటూ లేని కాలంలో, అడవులూ కొండరాయీ దగ్గర లేని చోట, ఇవి దేనితో కట్టారనుకుంటున్నారు?

గోడకు సున్నం ఊడిపోయిన చోట మా భాయ్ సాబ్ నా చేయి పట్టి తడిమించాడు. రాయి నిండా చిన్న చిన్న గుంటలు, తేనెపట్టులాగా. కొన్ని చోట్ల నక్షత్రాల ముద్రలు కూడా ఉన్నాయి. అది పగడపు రాయి! పగడమంటే హారాలలో గుచ్చే ఎర్రటి పూసలే అనుకోకండి. సముద్రంలో పగడపు జీవులు అనే చిన్న ప్రాణులు ఉంటాయి. అవి నీటిలోని సున్నాన్ని తీసుకుని తమ చుట్టూ గిన్నెలవంటి గూళ్ళు కట్టుకుంటాయి. పాతవి చనిపోతే వాటి గూళ్ళ మీద కొత్తవి కడతాయి. అలా వేల ఏళ్ళు గడిచేసరికి గుట్టలు ఏర్పడతాయి. వీటికి వెచ్చని, తేట నీరు కావాలి. ఎర్ర సముద్రంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా కలవదు కనక, బురద తక్కువ, నీరు తేట. ఏ దిబ్బలు ఓడలను దగ్గరికి రానివ్వలేదో, ఆ దిబ్బల నుంచే జెడ్డావాళ్ళు రాళ్ళు కోసుకుని ఇళ్ళు కట్టుకున్నారు.

పగడపు రాయి తేలిక, మెత్తన. కొయ్యడం సులభం. కాని ఒక దాని మీద ఒకటి ఏడు అంతస్తులు పేర్చితే కింది రాయి నలిగిపోదా? దానికి వాళ్ళు ఒక ఉపాయం చేశారు. కొన్ని వరసల రాయి కట్టగానే గోడ పొడుగునా అడ్డంగా కొయ్య దూలాలు పరిచారు. దాని మీద మళ్ళీ రాయి, మళ్ళీ దూలాలు. బరువు ఒక్క చోట పడకుండా దూలాలు దానిని గోడంతా సర్దుతాయి. గోడ ఒక పక్క కొంచెం కుంగినా చీలిపోకుండా పట్టుకుంటాయి. ఇంటిని వీధిలోంచి చూస్తే ఈ దూలాలు పెట్టెకు కట్టిన పట్టీలలాగా కనిపిస్తాయి.

అన్నిటికన్నా అందమైనవి కిటికీలు. ఇవి గోడలో చెక్కినవి కావు. గోడ బయటికి పొడుచుకు వచ్చిన పెద్ద కొయ్య గూళ్ళు. రోషన్ అంటారు. నేలకు పైన ఒక అంతస్తు నుంచి మొదలై ఇంటి కొస దాకా ఒకదాని మీద ఒకటిగా పోతాయి. కొన్నిటికి ఆకుపచ్చ రంగు, కొన్నిటికి నీలం, చాలావాటికి ఎండకు వెలసిన బూడిదరంగు. ఆ కొయ్యలో చాలా భాగం టేకు. మన దేశం నుంచీ, జావా నుంచీ ఓడలలో వచ్చినది. జాలీలోంచి లోపలివాళ్ళకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్ళకు లోపల ఎవరున్నారో కనిపించదు. ఎండ రాదు, గాలి వస్తుంది. రోషనులో నీళ్ళ కూజాలు పెట్టేవాళ్ళు. మట్టి కూజా ఎందుకు చల్లబడుతుందో మీకు తెలుసు: సన్నని రంధ్రాలలోంచి నీరు పైకి ఊరి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గాలి తగిలితే ఆవిరి త్వరగా అవుతుంది. కనక కూజాకు రోషనే తగిన చోటు. కూజాలను తాకి వచ్చిన గాలి గదిని కూడా కాస్త చల్లబరిచేది. మంచి ఆలోచన కాదూ?

ఇలా సందులు తిరిగి ఒక చిన్న బయలులోకి వచ్చేసరికి నేను ఆగిపోయాను. ఎదురుగా ఒక వేపచెట్టు!

మనకు వేపచెట్టు వింతా? కాని పొద్దున్నుంచి రాయీ, కొయ్యా, ఇసకా చూసిన కళ్ళకు అది వింతగానే తోచింది. దాని వెనక ఉన్న తెల్లని పెద్ద మేడ పేరు బైత్ నసీఫ్, అంటే నసీఫ్ గారి ఇల్లు. ఉమర్ నసీఫ్ అనే ధనవంతుడైన వర్తకుడు దీనిని 1872లో మొదలుపెడితే 1881లో పూర్తి అయింది. గదులు 106. కాని చాలాకాలం దీనిని ఊరివాళ్ళు "చెట్టున్న ఇల్లు" అనే పిలిచారు. ఎందుకంటే 1920 ప్రాంతాల దాకా జెడ్డా మొత్తానికి ఉన్నది ఈ ఒక్క చెట్టేనని చెపుతారు. ఉత్తరం మీద "చెట్టున్న ఇల్లు, జెడ్డా" అని రాస్తే చేరేదట. మన ఊళ్ళో "వేపచెట్టు దగ్గరి ఇల్లు" అని రాసి చూడండి, తపాలా జవాను ఉత్తరం పట్టుకుని వారం రోజులు తిరుగుతాడు.

వేప పుట్టిల్లు మన దేశమూ, దాని ఇరుగుపొరుగు దేశాలూ. అరబ్బీలో కూడా దానిని "నీమ్" అనే అంటారు. చెట్టుతోబాటు పేరు కూడా సముద్రం దాటి వచ్చింది! మా భాయ్ సాబ్ ఒక ఆకు తుంచి నాకిచ్చాడు. నమిలాను. మన చేదే.

ఇంటి లోపల మెట్లు చూడవలసినవి. ఎంతో వెడల్పు, ఎత్తు మాత్రం జానెడు కూడా లేదు. పై అంతస్తులో ఉన్న వంటింటికి సామాను మోసుకుని ఒంటెలు తిన్నగా ఎక్కి పోయేవని అక్కడివాళ్ళు చెపుతారు. 1925 డిసెంబరులో అబ్దుల్ అజీజ్ రాజు జెడ్డాను వశం చేసుకుని ఊళ్ళోకి వచ్చినప్పుడు ఈ ఇంట్లోనే దిగాడు. తరవాత 1932లో సౌదీ అరేబియా అనే రాజ్యాన్ని ప్రకటించినది ఈయనే. నసీఫ్ కుటుంబంవారు ఈ ఇంట్లో గొప్ప గ్రంథాలయం పెట్టారు. ఆ పుస్తకాలు ఇప్పుడు జెడ్డాలోని అబ్దుల్ అజీజ్ రాజు విశ్వవిద్యాలయానికి చేరాయి. ఖాళీ అలమరలను చూస్తే పంతులుగా నాకు కొంచెం బెంగ కలిగింది. కాని చదివేవాళ్ళున్న చోటికే గదా పోయాయి!

చెట్టు చుట్టూ ఉన్న అరుగు మీద కూర్చున్నాం. "ఈ చెట్టు గొప్ప చెట్టు కాదు, మాస్టర్ సాబ్," అన్నాడు ఆయన. "గొప్పదల్లా దీనికి పోసిన నీళ్ళు. మా నాయనమ్మ చిన్నప్పుడు నీళ్ళను లెక్క పెట్టుకుని తాగారు."

నీళ్ళ కథ ఆయన చెప్పగా విన్నది, నేను చదివినది కలిపి చెపుతాను. పాత జెడ్డాలో స్తోమతుగలవాళ్ళు ఇంటి కింద గచ్చు చేసిన తొట్లు కట్టించుకునేవాళ్ళు. ఎప్పుడో కురిసే వాన నీరు డాబా మీదినుంచి వాటిలోకి దిగేది. ఊరి బయట కూడా పెద్ద తొట్లుండేవి. వాటికి యజమానులుండేవాళ్ళు, వాళ్ళు నీళ్ళు అమ్మేవాళ్ళు. సఖ్ఖాలు అనే నీళ్ళ మోతగాళ్ళు తోలు తిత్తులలో, తరవాతి రోజుల్లో కిరసనాయిలు డబ్బాలలో నీళ్ళు మోసి ఇంటింటికీ పోసేవాళ్ళు. యాత్రికులు వచ్చే నెలలలో ఊరి జనం ఎన్నో రెట్లయ్యేది. నీటి ధర అంతకంతకూ పెరిగేది. బీదవాడు ఉప్పుగా ఉన్న బావి నీరే తాగేవాడు. 19వ శతాబ్దం మధ్యలో ఫరజ్ యుస్ర్ అనే వర్తకుడు ఊరి బయటి బావుల నుంచి కాలువ తీయించి నీరు తెప్పించాడు. అది కొన్నాళ్ళు పారింది. తరవాత పాడయింది.

20వ శతాబ్దం మొదట్లో తురుష్కుల ప్రభుత్వం ఒక యంత్రం తెచ్చి రేవు దగ్గర పెట్టింది. అది సముద్రపు నీటిని బొగ్గు మంట మీద కాచి ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరు చేస్తుంది. అన్నం ఉడికేటప్పుడు మూత తీసి చూడండి. మూత లోపలి వైపు చుక్కలు పట్టి ఉంటాయి. ఆ చుక్కలలో ఉప్పు ఉండదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు, గిన్నెలోనే ఉండిపోతుంది. యంత్రంలో జరిగేదీ అదే. దాని ఇంగ్లీషు పేరు కండెన్సర్. జెడ్డావాళ్ళ నోట అది "కిందాసా" అయింది. మనవాళ్ళు హాస్పిటల్‌ను ఆస్పత్రి చేశారు గదా, అలాగన్న మాట. బొగ్గు ఓడ ఆలస్యమైతే కిందాసా ఆగిపోయేది. యంత్రానికి తుప్పు పట్టినా ఆగిపోయేది. కిందాసా ఆగిన రోజున తిరిగి బావి నీళ్ళే గతి. 1928 ప్రాంతాల అబ్దుల్ అజీజ్ రాజు మరి రెండు కొత్త యంత్రాలు తెప్పించాడు. ఆఖరుకు 1947లో, గోడ పడగొట్టిన ఏడే, వాదీ ఫాతిమా అనే లోయ నుంచి గొట్టాల ద్వారా జెడ్డాకు మంచినీరు వచ్చింది. ఆ రోజున వాళ్ళ నాయనమ్మ ఒక చెంబెడు నీళ్ళు ఊరికే నేల మీద పోసి చూసిందట. "ఏమీ అనకుండా మా తాత పక్కన నిలబడి చూశాడు," అన్నాడాయన. 1970లో సముద్రపు నీటిని మంచినీరు చేసే పెద్ద కర్మాగారం జెడ్డాలో మొదలయింది. ఇప్పుడు ఊరు తాగేది ముఖ్యంగా అటువంటి కర్మాగారాల నీరే.

మధ్యాహ్నానికి సూక్ అల్ అలవీ అనే బజారు వీధిలోకి వచ్చాం. రేవు దగ్గర దిగిన యాత్రికుడు ఈ వీధి వెంట తూర్పుగా నడిచి మక్కా ద్వారం చేరేవాడు. కనక అతనికి కావలసినవన్నీ దారి పొడుగునా దొరికేవి. ఇప్పటికీ ఖర్జూరాలు, ఊదు, మసాలాలు, జపమాలలు, బట్టలు, చెప్పులు దొరుకుతాయి. యాలకుల వాసన, కాల్చిన రొట్టె వాసన కలిసి వస్తాయి. యాత్రికులలో కొందరు తిరిగి పోలేదు. దారి ఖర్చులు అయిపోయినవాళ్ళు, ఇక్కడ పని దొరికినవాళ్ళు, చదువుకోదలచినవాళ్ళు ఉండిపోయారు. ఆ సంగతి పళ్ళెంలో కూడా కనిపిస్తుంది. మన సమోసా ఇక్కడ సంబూసా పేరుతో ఉన్నది. మధ్య ఆసియా నుంచి వచ్చిన బుఖారీ అన్నం ఉన్నది. మేము తిన్నది సయాదియా. ఉల్లిపాయలను బాగా ఎర్రగా వేయించి, ఆ రంగుతో అన్నం వండి, మీద చేప పెడతారు. ఇది సముద్రపువాళ్ళ సొంత వంట. మా వాడు మిరపకాయ తొక్కు అడిగి వేసుకున్నాడు; వాడికి ఎక్కడైనా అది ఉండాలి.

ఈ వీధికి దగ్గరలోనే షాఫయీ మసీదు ఉన్నది. దాని మీనారు 13వ శతాబ్దం నాటిది. అంతకన్నా నాకు ఆసక్తి కలిగించినది ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ మసీదు సంగతి. పురావస్తు శాఖవారు అక్కడా, మరి కొన్ని చోట్లా తవ్వకాలు జరిపి, సుమారు 25,000 ముక్కలు దొరికాయని 2024లో ప్రకటించారు. వాటిలో చైనా పింగాణీ ముక్కలున్నాయి. నల్లటి ఎబొనీ కొయ్య స్తంభపు ముక్కలూ ఉన్నాయి. వాటిని పరీక్షించి, కొయ్య సింహళం నుంచి వచ్చిందని తేల్చారు. మొదటి రెండు హిజ్రీ శతాబ్దాల నాటి వస్తువులు కూడా అందులో ఉన్నాయి. ఒక చెట్టు మొలవని ఊరివాళ్ళు సింహళపు చెట్టును తెచ్చుకుని గుడి కట్టుకున్నారు!

మూడు గంటల వేళ ఉత్తరపు సందులలోకి తీసుకుపోయాడు. అక్కడ మేము చూసినది అందమైనది కాదు. సగం కూలిన ఇళ్ళు, ఒక పక్కకు ఒరిగిన రోషనులు, గోడలను పట్టి నిలబెట్టిన ఇనప స్తంభాలు. మా భాయ్ సాబ్ ఒక ఖాళీ స్థలం ముందు ఆగి, "ఇది మా నాయనమ్మ ఇల్లు," అన్నాడు. నాలుగు మెట్లు మాత్రం మిగిలి ఉన్నాయి.

ఎలా జరిగిందో చెప్పాడు. గోడ పోయింది, నీళ్ళు వచ్చాయి, దేశంలో చమురు డబ్బు వచ్చింది. ఉత్తరాన వెడల్పయిన రోడ్లు, చల్లగాలి యంత్రాలున్న ఇళ్ళు లేచాయి. పాత ఊరి కుటుంబాలు ఒక్కొక్కటే అటు పోయాయి. వాళ్ళ ఇళ్ళలో గదికి పదిమంది చొప్పున బీద కూలీలు అద్దెకు చేరారు. పగడపు రాయికి ఏటేటా సున్నం పూత ఉండాలి. పూత లేకపోతే ఉప్పు గాలీ తేమా గుంటలలోకి దూరి రాయిని పొడి చేస్తాయి. ఎండిన టేకు కొయ్యకు ఒక్క నిప్పురవ్వ చాలు. అలా కొన్ని కూలాయి, కొన్ని కాలాయి. అరుదుగా వచ్చే పెద్ద వాన కూడా ఊరిని దెబ్బ కొడుతుంది. 2009 నవంబరులో వచ్చిన వరదలో జెడ్డాలో వందమందికి పైగా చనిపోయారు. నీళ్ళు లేని ఊరికి నీళ్ళవల్లే ప్రమాదం!

"అప్పుడు మాకు సంతోషంగానే ఉండేది," అన్నాడాయన. "కొత్త ఇంట్లో కుళాయి, పంకా. పాత ఇల్లు ఎవరికి కావాలి? నాయనమ్మ ఒక్కతే ఏడ్చింది." ఇందులో తప్పెవరిదని నేను అడగలేదు. ఏడు అంతస్తులు నీళ్ళు మోసినవాళ్ళను కుళాయి వద్దనుకోమని ఎవరు చెప్పగలరు?

2014లో యునెస్కో సంస్థ ఈ పాత ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఇక్కడ ఆరు వందలకు పైగా పాత కట్టడాలున్నాయి. 2019లో, కూలిపోవటానికి సిద్ధంగా ఉన్న 56 ఇళ్ళను నిలబెట్టే పనికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఇప్పుడు ఎటు చూసినా పరంజాలే. ఒక పరంజా కింద నేనూ మా వాడూ తెలుగులో మాట్లాడుకుంటూ ఉంటే, పైనుంచి, "సార్, మీదే జిల్లా?" అని ఒక కేక వినిపించింది! చూస్తే, చేతులకు సున్నం పూసుకుని ఉన్న ఒక యువకుడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరట. వచ్చి నాలుగేళ్ళయింది. మొదట ఇక్కడ అందరూ గోడలకు సిమెంటు పూసేవాళ్ళనీ, సిమెంటు తేమను బయటికి పోనివ్వదు కనక లోపల రాయి ఇంకా త్వరగా చెడిపోయిందనీ, ఇప్పుడు దానిని గీకేసి మళ్ళీ సున్నమే పూస్తున్నామనీ చెప్పాడు. "మన దగ్గర పాత గడీలకు ఏసిన డంగుసున్నం అసొంటిదే సార్. మా తాతకు తెలుసు ఈ పని. నేను ఈడికొచ్చి నేర్సుకున్న," అన్నాడు. వాడి కూతురు రెండో తరగతి చదువుతున్నదట. ఆ పాప ఎప్పుడన్నా ఈ పేజీ చూస్తే, మీ నాన్న పూసిన గోడ నున్నగా, తెల్లగా, చాలా బాగున్నదని నా మాటగా చెపుతున్నాను.

పొద్దు వాలేసరికి మక్కా ద్వారం, అంటే బాబ్ మక్కా చేరాం. రెండు గుండ్రని బురుజులూ, మధ్య కమానూ. గోడ లేకుండా ద్వారం ఒక్కటే నిలబడి ఉంటే చూడటానికి కొంచెం తమాషాగా ఉంటుంది. పూర్వం యాత్రికులు సాయంకాలం ఇక్కడ ఒంటెలెక్కి, పగటి ఎండ తప్పించుకుంటూ, రెండు రాత్రులు ప్రయాణం చేసి మక్కా చేరేవాళ్ళు. ఇప్పుడు మోటారులో గంట ప్రయాణం. ముస్లిములు కానివాళ్ళు మక్కాలోకి పోకూడదు కనక మనం ద్వారం దగ్గరే ఆగాం. మా భాయ్ సాబ్ దగ్గరి మసీదులో సాయంకాలపు నమాజు చేసుకుని వచ్చాడు. ఆయన చేయి పట్టుకుని సెలవు తీసుకున్నాం.

చీకటి పడ్డాక మా వాడు సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ సముద్రంలోంచి ఒక్కటే తెల్లని ధార ఆకాశంలోకి లేస్తున్నది. 1985లో మొదలైన ఫహద్ రాజు ఫౌంటెను అది. సుమారు 260 మీటర్ల ఎత్తు. మన చార్మినారు ఎత్తు సుమారు 50 మీటర్లు, అంటే ఇంచుమించు అయిదు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత! అంత ఎత్తుకు పోవాలంటే నీరు గొట్టంలోంచి గంటకు సుమారు 375 కిలోమీటర్ల వేగంతో దూకాలి. దీపాల వెలుగులో నీళ్ళు పొగలాగా కనిపిస్తాయి.

"ఇన్ని నీళ్ళు పారబోస్తారేమిరా?" అన్నాను.

"సముద్రం నీళ్ళే, పెదనాన్నా, మళ్ళీ సముద్రంలోకే పోతాయి," అన్నాడు వాడు.

గాలి ఇటు తిరిగింది. తుంపర మా మీద పడింది. పెదవులు తడిమి చూసుకుంటే ఉప్పగా ఉన్నది. మా వాడు చేతిసంచీ తీసి, సూక్ అల్ అలవీలో కొన్న సంబూసాల పొట్లం విప్పాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.